బొగ్గులవాళ్ళ బాన

అనగనగా అన్నానని ఏ రాజుగారి వేట కథో మొదలవుతుందనుకునేరు. ఈ కథలో రాజు లేడు. ఒక బాన ఉంది. మట్టి బాన. దాని కడుపు పెద్దది, మూతి ఇరుకు. మన కథకు రాజూ అదే, మంత్రీ అదే అనుకోండి.

ఇది చాలా పాతకాలం సంగతి. రోమా చక్రవర్తులు భూమిని ఏలుతున్న రోజులు. ప్రభువును నమ్మినవాళ్ళు అప్పటికి ఊరికి పదిమందో ఇరవైమందో ఉండేవాళ్ళు. వాళ్ళకు గోపురాలు లేవు, గంటలు లేవు. ఎవరింట్లో చోటుంటే ఆ ఇంట్లో కూడేవాళ్ళు. అలా కూడిన ఆ కొద్దిమందినే సంఘం అనేవాళ్ళు.

మాసిదోనియ కొండల మీద ఒక చిన్న ఊరుండేది. ఆ ఊరివాళ్ళు అడవిలో కట్టె కొట్టి, పేర్చి, మట్టి కప్పి, నిప్పు పెట్టి బొగ్గు కాల్చేవాళ్ళు. ఆ బొగ్గును గాడిదల మీద వేసి కింద రేవు పట్నానికి దించి, రొట్టెల పొయ్యిలకూ కమ్మరి కొలుములకూ అమ్ముకునేవాళ్ళు. ఇళ్ళ పక్కన చారెడు చారెడు చెలకల్లో యవలు పండించుకునేవాళ్ళు. ఎంత తోమినా వాళ్ళ చేతుల నలుపు వదిలేది కాదు. వాళ్ళకూ పేర్లున్నాయని పట్నంలో ఎవరికీ పట్టేది కాదు. బొగ్గులవాళ్ళు అంటే సరిపోయేది.

ఆ ఊరి సంఘం కల్లిస్త అనే ముసలావిడ ఇంట్లో కూడేది. నేను చెప్పిన బాన ఆ ఇంటి నట్టింట్లోనే ఉండేది. దానికొక ఆచారం ఉంది, జాగ్రత్తగా వినండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఆ ఊరి ఆడవాళ్ళు తిరగలిలో యవలు పోసే ముందు ఒక గుప్పెడు పక్కన పెట్టేవాళ్ళు. వారం మొదటి రోజున ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి, పిడికిలి బిగించి బానలో చెయ్యి పెట్టేవాళ్ళు. పిడికిలి బిగించే బయటికి తీసేవాళ్ళు. ఉన్నవాళ్ళు లోపల గింజలు వదిలేవాళ్ళు. లేనివాళ్ళు లోపలినుంచి గింజలు తీసుకునేవాళ్ళు. మూసిన పిడికిలి లోపలికి, మూసిన పిడికిలి బయటికి. ఎవరు వేశారో ఎవరు తీశారో చూసేవాళ్ళకు తెలియదు. చేతికి తగిలింది నోరు చెప్పకూడదు అన్నది నియమం.

ఎందుకలాగా అంటారా. వేసినవాడికి గర్వం రాకూడదని. తీసుకున్నవాడికి సిగ్గు రాకూడదని.

ఇలా ఉండగా ఆ ఊరికి ఒక చెడ్డ ఏడు వచ్చింది. మొదట అడవి అంటుకుంది. బొగ్గు కాల్చుకోవలసిన చెట్లన్నీ బూడిదైపోయాయి. తర్వాత వడగళ్ళు పడ్డాయి. చెలకల్లో యవలు వెన్ను వంచి నేలకు కరుచుకున్నాయి. అది చాలదన్నట్టు గాడిదలకు గిట్టల జబ్బు వచ్చింది. అన్నీ పోగా ఒకటి మిగిలింది, అదీ కుంటిది. ఊళ్ళో రొట్టెలు పలచనయ్యాయి. పిల్లల చెక్కిళ్ళు లోపలికి పోయాయి.

సరిగ్గా అదే ఏడు, సముద్రం అవతలి దేశంలో ఇంకా పెద్ద కరువు వచ్చింది. అక్కడి సంఘంవాళ్ళు ఆకులూ వేళ్ళూ ఉడికించుకుని తింటున్నారు. వాళ్ళు తమలో దామాసు అనే మనిషిని పిలిచి, అవతలి ఒడ్డున ఉన్న మన సోదరుల్ని అడిగి గింజలు పట్టుకురమ్మని పంపారు. దామాసు మెత్తనివాడు. ఒకరిని ఏదైనా అడగాలంటే అతనికి ప్రాణం మీదికి వచ్చేది. కానీ ఇంట్లో భార్యా, చిన్న కూతురూ పస్తులున్నారు. అందుకే ఓడెక్కి రేవు పట్నానికి వచ్చాడు.

రేవు పట్నం సంఘంలో అందరికంటే కలవాడు మార్కెల్లు. అతని గాదె ఎంత పెద్దదంటే, పట్నంలో సగంమంది తమ గింజల మూటలు కూడా అందులోనే దాచుకునేవాళ్ళు. దాచిన మూటకొక మట్టిబిళ్ళ ఇచ్చేవాడు మార్కెల్లు. బిళ్ళ తెచ్చి చూపిస్తే మూట ఇచ్చేసేవాడు. నిజాయితీ మనిషే. చెడ్డవాడు కాదు. కాకపోతే అతను రేపటి మనిషి. ఏ మంచిపనైనా రేపే చేసేవాడు.

కరువు మాట మొదటిసారి విన్నప్పుడు నలుగురిలో లేచి నిలబడి, నా గాదెలో సగం ఇస్తానన్నాడు మార్కెల్లు. అందరూ ఆహా అన్నారు. ఆ తర్వాత అతను ఇవ్వనూ లేదు, ఇవ్వనని అననూ లేదు. ఇంకో ఓడ రానీ, ధర నిలవనీ, గాలి తిరగనీ అంటున్నాడు. మిగతావాళ్ళేమో అతని కోసం చూస్తున్నారు. పెద్దవాడికంటే ముందు ఇస్తే పొగరంటారని కొందరికి భయం. అతని తర్వాత కొంచెం ఇస్తే నవ్వుతారని కొందరికి సిగ్గు. మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్ళు గడప దాటవన్న సామెత ఆ పట్నంలోనే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

రేవులో ఓడ సిద్ధంగా ఉంది. దాన్ని నడిపే సరంగు కచ్చితమైన మనిషి. చలిగాలులు మొదలైతే సముద్రం మూతపడుతుంది, మళ్ళీ వసంతం దాకా ఏ ఓడా కదలదు అని చెప్పాడు. ఓడ కడుపు నిండితేనే బయలుదేరతాను, ఖాళీ ఓడను అలలు బొంగరంలా తిప్పేస్తాయి అని కూడా చెప్పాడు. అంటే ఏమిటన్నమాట? చలి రాకముందే ఓడ నిండాలి. నిండకపోతే దామాసు కూతురు వసంతాన్ని చూడదు.

దామాసు మార్కెల్లు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మార్కెల్లు అతన్ని ఆదరంగా కూర్చోబెట్టాడు. కొండల్లో మన సంఘాలు కొన్ని ఉన్నాయి, వాళ్ళను అడిగి రా, ఈలోగా నా సంగతి నేను చూస్తానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు.

"బొగ్గులవాళ్ళను మాత్రం అడగకు సోదరా. వాళ్ళకే గతి లేదు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు పెద్దలు."

ఆ సామెత మార్కెల్లుకు చాలా ఇష్టం. గాదెలు నిండినవాళ్ళకే ఇలాంటి సామెతలు బాగా గుర్తుంటాయి, ఎందుకోగాని.

దామాసుకూ ఆ మాట సబబే అనిపించింది. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు చెయ్యి ఎలా చాస్తాం? సరేనని కొండలెక్కాడు. ఒక ఊళ్ళో అర మూట ఇచ్చారు. ఇంకో ఊళ్ళో రెండు మూటలు ఇచ్చారు. మూడో ఊళ్ళో దీవెనలు ఇచ్చారు. వాటితో ఓడ నిండదు కదా. అతను ఆ మూటలు వీపుకెత్తుకుని, తల వంచుకుని తిరుగుదారి పట్టాడు. ఆ దారి బొగ్గులవాళ్ళ ఊరి మధ్యనుంచే పోతుంది. ఎవరి కంటా పడకుండా గబగబా దాటిపోవాలనుకున్నాడు.

కానీ ఊరి చెలమ దగ్గర కల్లిస్త నీళ్ళు తోడుకుంటోంది. దుమ్ము కొట్టుకుపోయిన కొత్తమనిషి ముఖం తిప్పుకుని పోతుంటే ఆవిడ ఊరుకుంటుందా? నిలబెట్టి ఏ ఊరని అడిగింది. ప్రభువును నమ్మినవాడని తెలియగానే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. ఆ రోజు వారం మొదటి రోజు. సంఘమంతా అక్కడే ఉంది. సంఘపెద్ద జోసిము తాత లేచి కొత్తవాడికి తన పీట ఇచ్చాడు.

అతిథి కదా, మొదటి రొట్టె దామాసుకే పెట్టారు. రొట్టె తమలపాకంత పలచగా ఉంది. దామాసు అందులో సగం తిన్నాడు. మిగతా సగం ఎవరూ చూడకుండా నడుం గుడ్డ మడతలో పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదనే అనుకున్నాడు. కల్లిస్త చూసింది.

ప్రార్థన అయింది. బాన దగ్గరికి ఒక్కొక్కరే లేచి వెళ్ళి వస్తున్నారు. అతిథీ మావాడే అన్నాడు జోసిము తాత, నువ్వూ వెళ్ళు నాయనా అన్నాడు. ఇవ్వడానికి దామాసు దగ్గర తనదంటూ ఏమీ లేదు. తీసుకోవడానికి మనసొప్పదు. అయినా మర్యాద కోసం లేచి, ఖాళీ పిడికిలి బిగించి బానలో పెట్టాడు.

అంత పెద్ద బానలో చెయ్యి మోచేతిదాకా దిగాలి. మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

పాపం, అతనికి ఇక్కడి నియమం తెలియదు. ఉన్నమాట పైకి అనేశాడు.

"అమ్మా, మీ బాన నిండా ఉందే."

ఇంట్లోవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిండా ఉందన్న సంగతి అక్కడ ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు. ఎవరికి వాళ్ళకే తెలుసు.

జరిగిందేమిటంటే, ఆ చెడ్డ ఏడంతా ప్రతివాళ్ళూ చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళకు గింజలు తగిలాయి. అయ్యో, నాకంటే లేనివాళ్ళు ఇంకా తీసుకోనేలేదు కాబోలు, వాళ్ళకు ఉండనీ అనుకున్నారు. అనుకుని, తాము పస్తుండి ఇంకో గుప్పెడు వేశారు. చేతికి తగిలింది నోరు చెప్పకూడదు కదా. అందుకని ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. ఊరంతా ఆకలితో ఉంది, బాన మాత్రం బలిసింది.

జోసిము తాతకు ముందు కోపం వచ్చింది. తీసుకోండర్రా అని బాన పెడితే ఒక్కరూ తీసుకోరేం, ఈ బొమికల గూళ్ళతో పనికెలా పోతారు అని అందరినీ పేరుపేరునా తిట్టాడు. తిడుతూ తిడుతూ ఆగిపోయాడు. తానూ ఏడాదిగా ఒక్క గింజ తీసుకోలేదని గుర్తొచ్చింది. ముసలాయన నవ్వేశాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ముందు పిల్లలకు కడుపునిండా జావ కాచి పొయ్యాలని అక్కడికక్కడే అనుకుని, అందుకు తగిన గింజలు తీసి పొయ్యి రాజేశారు.

అప్పుడు కల్లిస్త దామాసు పక్కన వచ్చి కూర్చుంది.

"నాయనా, రొట్టె సగం దాచుకున్నవాడికి ఎక్కడో ఆకలిగా ఉన్న బిడ్డ ఉంటుంది. ఎక్కడుంది నీ బిడ్డ?"

దామాసు ఇక దాచలేకపోయాడు. కరువు సంగతి, ఓడ సంగతి, చలిగాలుల సంగతి అన్నీ చెప్పాడు. ఆ సగం రొట్టె ఎండబెట్టి కూతురికి తీసుకుపోదామనుకున్నానని చెప్పాడు. ఇవన్నీ మీకు చెప్పకుండా దాటిపోదామనుకున్నానని కూడా చెప్పాడు.

అంతే, ఆ ఇంట్లో వాళ్ళకు నిజంగా కోపం వచ్చింది. ఆకలి గురించి ఏడాదిగా కిక్కురుమననివాళ్ళు, తమను అడగలేదని తెలిసేసరికి కస్సుమన్నారు. మూడు ఊళ్ళు తిరిగావు, మా ఊరు కనబడలేదా అన్నారు. మేమేం పరాయివాళ్ళమా అన్నారు. జోసిము తాత చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టి, ఈ బాన తీసుకుపో నాయనా అన్నాడు.

దామాసు తల అడ్డంగా ఊపాడు. మీ పిల్లల ముఖాలు చూశాక ఈ గింజలు ముట్టుకోలేనన్నాడు. జోసిము తాత సంఘం వైపు తిరిగి, ఈ గింజలు ఎవరివో చెప్పండి అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు.

"చూశావా. ఇవి ఎవరివీ కావు. ఆకలైనవాడివి. ఇక్కడ ఆకలైందని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. మీ అమ్మాయి ఒప్పుకుంటుందా?"

దామాసు ఏడ్చాడు. ఏడుస్తూనే సరేనన్నాడు.

మర్నాడు పొద్దున ప్రయాణమవుతుంటే కల్లిస్త ఇంకో చిన్న సంచీ తెచ్చింది. అందులో ఆవిడ చెలకకు దాచుకున్న విత్తనాలున్నాయి. మంచు కరిగాక చల్లుకోవలసిన విత్తనాలు. వడగళ్ళ తర్వాత నేలనుంచి వెన్ను వెన్ను ఏరి, గింజ గింజ వలిచి దాచుకున్నవి. ఆవిడకున్న రేపంతా ఆ సంచీలోనే ఉంది. దామాసు సంచీని చూసి వెనక్కి అడుగు వేశాడు. విత్తనం మాత్రం తీసుకోను, వచ్చే ఏడు ఏం తింటావమ్మా అన్నాడు.

ముసలావిడ సంచీని ఇంకా ముందుకు చాచింది. 

"లేనిది ఇమ్మనడం తప్పే నాయనా. ఉన్నది ఇస్తామంటే వద్దనడం అంతకంటే తప్పు. మేము బీదవాళ్ళమే. అందుకని భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళను లేపినట్టు, ఇచ్చేవాళ్ళలోంచి మమ్మల్ని లేపేస్తావా?"

మొదటిసారి దామాసు అడగకుండా దాటిపోబోయాడు. రెండోసారి బాన వద్దన్నాడు. మూడోసారి విత్తనాలు వద్దన్నాడు. ఇక నాలుగోసారి కాదనడానికి అతనికి నోరు రాలేదు. వంగి ఆ సంచీని రెండు చేతులా అందుకున్నాడు.

బొగ్గులవాళ్ళు బానకు తాళ్ళు కట్టి, దుంగకు వేలాడదీసి, భుజాన ఎత్తుకున్నారు. కుంటి గాడిద మీద దామాసు తెచ్చిన మూటలు వేశారు. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ, ఆడవాళ్ళు పాట అందుకుంటూ, ఊరు ఊరంతా కొండ దిగింది. ఆ వరస చూసి ఎవరో పెద్దింటి పెళ్ళికూతుర్ని పల్లకీలో తెస్తున్నారనుకున్నారు పట్నం పిల్లలు. పరిగెత్తుకొచ్చి చూస్తే మసి చేతులవాళ్ళు మట్టి బానను మోసుకొస్తున్నారు.

రేవులో జనం మూగారు. పట్నం సంఘంవాళ్ళూ వచ్చారు. బానలో గింజలూ, మూటల్లో గింజలూ, చివరికి కల్లిస్త సంచీలో గింజలూ ఓడ కడుపులో పోశారు. అన్నీ కలిపి ఒక మూల కూడా నిండలేదు. సరంగు తొంగిచూసి, ఏనుగు దాహానికి చూరునీళ్ళా అన్నాడు. ఎగతాళికి కాదు, ఉన్నమాటే అన్నాడు. అప్పటికే ఉత్తరపు గాలి తెరచాప తాళ్ళను కదుపుతోంది.

దామాసు పట్నంవాళ్ళ వైపు చూశాడు. పట్నంవాళ్ళు మార్కెల్లు వైపు చూశారు. మార్కెల్లు ఆకాశం వైపు చూశాడు.

అప్పుడు కల్లిస్త ఒక పని చేసింది. ఖాళీ బానను తెప్పించి రేవు రాళ్ళ మీద, నలుగురి మధ్యలో పెట్టించింది. తమ ఆచారం చెప్పింది. మూసిన పిడికిలి లోపలికి, మూసిన పిడికిలి బయటికి. ఉన్నవాళ్ళు వేయవచ్చు, లేనివాళ్ళు తీసుకోవచ్చు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న మాటే లేదు. అంతే చెప్పి పక్కకు తప్పుకుంది.

 ముందుగా చేపలమ్ముకునే ఆవిడ గంప దింపి, చెయ్యి తుడుచుకుని, కొంగు ముడి విప్పి, పిడికిలి బిగించి ముందుకు వచ్చింది. బానలో జలజలమని చప్పుడైంది. ఆమె వెనక రొట్టెలు కాల్చేవాడు వచ్చాడు. టక్‌మని చప్పుడైంది. అది గింజ చప్పుడు కాదు, మట్టిబిళ్ళ చప్పుడు. అంటే అతను గాదెలో దాచుకున్న మూట బానలో పడిందన్నమాట. రేవు కూలి ఒకడు వచ్చి చెయ్యి పెట్టి తీశాడు. ఏ చప్పుడూ కాలేదు. వేశాడో తీశాడో ఎవరికీ తెలియదు. కథ చెప్పే నాకూ తెలియదు.

ఇక వరస ఆగలేదు. ఇన్నాళ్ళూ పెద్దవాడి కోసం ఆగినవాళ్ళు, చిన్నదిస్తే నవ్వుతారని దాక్కున్నవాళ్ళు, అందరూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. జలజల, టక్, టక్, జలజల. ఆ చప్పుడు వింటూ దామాసు అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

మార్కెల్లు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు. మెల్లగా కల్లిస్త దగ్గరికి వచ్చాడు. ఖాళీ అయిన విత్తనాల సంచీ ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని చూసి అడిగాడు.

"అమ్మా, రేపు మీరేం తింటారు?"

"తెలియదు నాయనా. కానీ దామాసు కూతురు తింటుంది."

మార్కెల్లు ఆ సంచీనే చూశాడు. ఇన్నేళ్ళుగా అతను కాపలా కాసిన రేపు, ఈ ముసలావిడ చేతిలో ఖాళీ సంచీలా తేలిగ్గా ఊగుతోంది. ఆవిడ ముఖంలో భయం లేదు. అతని గాదె నిండుగా ఉంది, గుండెలో మాత్రం భయం ఎప్పుడూ తీరలేదు. అది అతనికి ఆ పూటే తెలిసింది. వెళ్ళి వరసలో అందరికంటే చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చాక పిడికిలి బిగించి బానలో పెట్టాడు.

ఠంగుమంది.

ఇనుము చప్పుడు. రేవులో ఉన్న ప్రతివాళ్ళూ విన్నారు. ఒక్కరూ తల తిప్పి చూడలేదు. బొగ్గులవాళ్ళ దగ్గర పట్నంవాళ్ళు నేర్చుకున్న మొదటి మర్యాద అది.

బానను ఓడ మీదికి ఎత్తి బోర్లించారు. గింజలు రాలాయి. మట్టిబిళ్ళలు కుప్పగా రాలాయి. మూతికి అడ్డం పడి ఆగిన ఒక పెద్ద తాళంచెవి అన్నిటికంటే చివర పడింది. సరంగు దాన్ని పైకెత్తి, ఇదెవరిది అని అరిచాడు. పట్నంలో అంత పెద్ద తాళం ఉన్న గాదె ఒక్కటే. చిన్నపిల్లలకు కూడా తెలుసు. మార్కెల్లు మాత్రం సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బానది," అంది కల్లిస్త.

సగం కాదు పిల్లలూ, గాదె గాదెంతా తెరిచారు. బానలో బిళ్ళలు పడిన మూటలన్నీ కదిలాయి. బిళ్ళ ఇంట్లోనే ఉన్నవాళ్ళ మూటలు ఎవరివి వాళ్ళకు భద్రంగా పక్కన పెట్టి, మార్కెల్లు సొంతవన్నీ మోశారు. మసి చేతులూ, చేపల చేతులూ, పిండి చేతులూ, ఉంగరాల చేతులూ ఒకే మూటను పట్టుకుని ఎత్తాయి. సాయంత్రానికి ఓడ కడుపు నిండింది. సరంగు అటూ ఇటూ చూసి, మీ దేవుణ్ణి నమ్మనివాడు కూడా ఆ బానలో చెయ్యి పెట్టవచ్చా అని జోసిము తాతను చిన్నగా అడిగాడట. తాత అతని భుజం మీద చెయ్యి వేసి బాన దగ్గరికి నడిపించాడు.

ఓడ కదిలే ముందు దామాసు ఒక్కటి అడిగాడు. జీవితంలో మొదటిసారి సిగ్గుపడకుండా అడిగాడు. మీ బాన మాకు అరువిస్తారా, మా ఊరికి కూడా ఈ ఆచారం కావాలన్నాడు. బాన ఓడెక్కింది. తెరచాప నిండింది. చలిగాలి వెనకబడింది, ఓడ ముందుపడింది.

ఆ చలికాలం కొండ మీద ఎలా గడిచిందని అడగరేం? బొగ్గులవాళ్ళు నట్టింట్లో బాన ఉన్న చోట ఒక వంట కుండ పెట్టుకున్నారు. వారం మొదటి రోజున పట్నంనుంచి ఎవరో ఒకరు కొండెక్కి వచ్చేవాళ్ళు. ఒకసారి రొట్టెలు కాల్చేవాడు, ఒకసారి చేపలావిడ, ఒకసారి చేతులకు ఉంగరాలు లేని మార్కెల్లు. ప్రార్థనలో కూర్చుని, పిడికిలి బిగించి కుండలో చెయ్యి పెట్టి పోయేవాళ్ళు. ఏం వేశారని ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఒక్క పొయ్యీ ఆరలేదు. పట్నంవాళ్ళకు అప్పటికి బొగ్గులవాళ్ళందరి పేర్లూ వచ్చేశాయి.

మంచు కరిగింది. సముద్రం తెరుచుకుంది. మొదటి ఓడలోనే దామాసు వచ్చాడు. తనతో భార్యనూ కూతుర్నీ తెచ్చాడు, బాననూ తెచ్చాడు. వాళ్ళ దేశంలో వానలు పడ్డాయి. అక్కడ ఎండ ముందు కాస్తుంది, యవలు ముందు పండుతాయి. కోసిన మొదటి కోతలోనే, నోట్లో పెట్టుకోకముందే, వాళ్ళు బాన నింపారు. ఎన్ని చేతులు లోపలికీ బయటికీ తిరిగాయో, బాన మూతి అరిగి అద్దంలా నున్నగా ఉంది.

అవి లావుపాటి విత్తనపు గింజలు. కల్లిస్త చెలకకు సరిపడా, ఊరందరి చెలకలకూ సరిపడా. విత్తనం చల్లే అదను కూడా సరిగ్గా అదే. కల్లిస్త ఒక గింజను అరచేతిలో వేసుకుని చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది.

ఆ రోజు సంఘం కూడినప్పుడు ఇల్లు చాలలేదు. ప్రార్థన అయ్యాక దామాసు కూతురు లేచింది. బుగ్గలు నిండిన పిల్ల. చిన్న పిడికిలి బిగించి, మునివేళ్ళ మీద లేచి, బానలో చెయ్యి పెట్టింది. చెయ్యి మణికట్టు దగ్గరే ఆగింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసి తండ్రి వైపు చూసింది. దామాసుకు ఈసారి నియమం తెలుసు. పెదవుల మీద వేలు పెట్టుకుని నవ్వాడు.

అందుకే పెద్దలు చెప్తారు: మిగిలింది ఇస్తే దానం, మనకు కావలసింది ఇస్తే ప్రేమ, ఆ ప్రేమతో ఇచ్చిన గుప్పెడు ఎన్నడూ గుప్పెడుగా ఆగిపోదు, ఇవ్వాలనుకునే చెయ్యి ఎంత పేదదైనా దాన్ని ఎవరూ వద్దనకూడదు.